పాలగిన్నె మీది బరువు

నేను చెప్పేదాంట్లో సగం అబద్ధమని మా ఇంట్లో అంటారు. ఏ సగమో చెప్పమంటే మాత్రం ఒక్కరూ నోరు విప్పరు. అందుకని నేను నిశ్చింతగా రెండు సగాలూ చెప్పేస్తుంటాను. నచ్చింది ఉంచుకుని మిగతాది పారేసుకోండి.

ఆ వేసవి ఎండ మాత్రం అబద్ధం కాదు. గోడ మీద బల్లి కాళ్ళు కాలి, రెండేసి కాళ్ళు మార్చి మార్చి ఎత్తుతూ నిలబడేది. కాకులు ఎగరడం మానేసి నీడ వెంబడి నడిచి వెళ్ళేవి. ఎదురొస్తే మనమే తప్పుకోవాలి. మా వీధి పంపు తిప్పితే నీళ్ళకు బదులు నిట్టూర్పు వచ్చేది. ఇక కొండ మీద ఉన్న పేట సంగతి చెప్పక్కర్లేదు. అక్కడి బావుల్లో బొక్కెన వేస్తే మట్టి చప్పుడే. ఆ పేటకు రోజూ నీళ్ళు మోసే పని మా బావ లారీకి దొరికింది.

బావంటే మా అక్క మొగుడు. బండి ఆయనది, నడిపేదీ ఆయనే. నేను పక్క సీటు. నాకూ లైసెన్సుంది, మీసముంది, అయినా స్టీరింగు నా చేతికి ఇచ్చేవాడు కాదు. "అడగ్గానే మీవాళ్ళు మీ అక్కనిచ్చారు. అది వాళ్ళ మంచితనం. నేనంత మంచివాణ్ణి కాదురా బావమరిదీ, నా మహారాణిని ఇవ్వను" అనేవాడు. మహారాణి అంటే లారీ. ఒక తలుపుకు గడియ లేక తాడు కట్టి ఉండేది. ఆ పేరు దాని అందం చూసి పెట్టింది కాదు, కోరికలు చూసి పెట్టింది.

సగం వయసు పరాయి బళ్ళు తోలి తోలి, ఆఖరికి బావ కొనుక్కున్న పాత బండి అది. అది పోతే మళ్ళీ ఇంకొకడి గుమ్మం ముందు తాళం చెవి కోసం నిలబడాలి. బావ నిలబడడు. నిలబడకపోతే మరేం చేస్తాడన్నది అక్కా నేనూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కొన్ని మాటలు నోట్లోకి రాకముందే గొంతులో కాలతాయి.

మహారాణి చదును నేల మీద ఏనాడూ పేచీ పెట్టలేదు. కొండ ఎక్కడం మొదలుపెట్టాకే జ్వరం పట్టుకుంది. వెనక టాంకు నిండా నీళ్ళు, ముందు ఇంజను దాహంతో చస్తుంది. సగం దారిలో టెంపరేచర్ ముల్లు ఎర్రగీతలోకి వెళ్ళి కూర్చునేది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమని లేచేది. కొండ మీది ఆడవాళ్ళు మా రాకను హారను విని కాదు, ఆ ఆవిరి చూసి కనిపెట్టేవాళ్ళు. "అదిగో మబ్బు పట్టింది, బిందెలు తీయండర్రా" అనేదట బిందెల పెద్దమ్మ. ఆ పేటలో ఎవరి బిందె ముందో ఎవరి బిందె వెనకో తేల్చే పెద్దరికం ఆవిడది.

ఆవిరి లేచినప్పుడల్లా మాకొక పద్ధతి ఉండేది. బండి ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, బావ "రాయి" అనేవాడు. నా కాళ్ళ దగ్గర తలకాయంత రాయి ఒకటి ఉండేది. దాన్ని పట్టుకుని దిగి వెనక చక్రం కింద పెట్టి "వేశా బావా" అనేవాణ్ణి. అప్పుడు బండి ఆ రాయి మీదికి మెల్లగా ఒరిగి కుదుటపడేది. తర్వాత ఇంజను చల్లారేదాకా కూర్చోవడమే. వేడి మీద మూత విప్పితే లోపలి నీళ్ళు మొహం మీదికి ఎగదన్నుతాయి. చల్లారాక వెనక టాంకులోంచి బకెట్టు పట్టి రేడియేటర్లో పోసేవాళ్ళం.

అక్కడే ఒక తప్పు. టాంకులో మేం నింపేవి బోరు నీళ్ళు, ఉప్పునీళ్ళు. మరిగే కొద్దీ రేడియేటర్ గొట్టాల్లో తెల్లగా గారకట్టేవి. ఇవాళ దాహం తీర్చిన నీళ్ళే రేపు గొంతు పూడ్చేవి.

ఇంక మొదలైంది వైద్యం. ఫ్యాన్ బెల్టు వదులైందన్నారు, మార్చాం. హోసు పైపు లోపల ఉబ్బి దారి మూసుకుందన్నారు, మార్చాం. వాటర్ పంపు మార్చాం. మూత స్ప్రింగు మెత్తబడిందంటే మూత మార్చాం. నన్నొక్కణ్ణే మార్చలేదు. అదీ అయింది ఒకరోజు. "నువ్వు పక్కన కూర్చుంటే బరువు, నడిచి రా" అన్నాడు. కొండెక్కుతూ నడిచాను. అయినా బండి కంటే ముందు నేనే పైకి చేరాను. ఇది మాత్రం అబద్ధం కాదు. బిందెల పెద్దమ్మ నన్ను చూసి, "ఏం బాబూ, ఇవాళ నీళ్ళు జేబులో తెచ్చావా?" అంది.

చివరికి రేడియేటర్ని విప్పి భుజాన వేసుకుని సీసం తాత దగ్గరికి పోయాం. చిల్లుపడ్డ రేడియేటర్లకు సీసం కరిగించి అతుకులేసే ముసలాయన. కొట్టు కాదు, గుహ. గోడలకు రేడియేటర్లు వేలాడుతుండేవి. తాత పైతొట్టి ఊడదీసి, ఒక్కొక్క గొట్టంలోకీ సన్నటి కడ్డీ దూర్చి గార రాల్చాడు. రాలిన గారతో ఒక గోడకు సున్నం వేయొచ్చు. మళ్ళీ అతికి నీళ్ళు పోసి చూపించాడు. పైన పోసినవి పోసినట్టు కిందినుంచి దూకేశాయి.

"ఇదుగో అబ్బాయ్, ఇంక ఆ ఉప్పునీళ్ళు పోశారంటే నేను చచ్చాక కూడా లేచొచ్చి తిడతాను. కాచి చల్లార్చిన నీళ్ళు పోయండి, కూలెంటు కలపండి."

"ఈసారి ఉడకదుగా తాతా?" అన్నాడు బావ. ఆ గొంతులో హాస్యం లేదు. డాక్టరు బయటికొచ్చినప్పుడు గుమ్మంలో నిలబడేవాళ్ళ గొంతు అది.

"నా సామాను వల్ల మాత్రం ఉడకదు."

ఉడికింది. మర్నాడే, అదే చోట. తాత స్వయంగా వచ్చి వీధిలో నిలబెట్టిన బండి చుట్టూ తిరిగాడు. బావ ఇంజను రేపి రేపి వేడెక్కించాడు. ముల్లు ఎర్రగీత దాటాక తాత నా చెయ్యి పట్టుకుని రేడియేటర్ కిందితొట్టికి ఆనించాడు.

"ఎలా ఉంది?"

"గోరువెచ్చగా ఉంది."

"ఇంజను మరుగుతుంటే నా రేడియేటరు గోరువెచ్చగా ఉందంటే ఏంటర్థం? నీళ్ళు దీనిదాకా రావట్లేదు. లోపల ఎక్కడో తిరిగి తిరిగి మళ్ళీ లోపలికే పోతున్నాయి. ఎక్కడంటే నాకు తెలీదు. నాది రేడియేటరు వరకే."

బావ ఆ మాట విన్నాడో లేదో. అప్పటికే ఆయన వినడం తగ్గించేశాడు. తినడమూ తగ్గించాడు. కంచంలో చెయ్యి పెట్టి, ఎవరిదో చెయ్యి అన్నట్టు దానివైపు చూస్తూ కూర్చునేవాడు. గడ్డం పెరిగింది. ఇంటికొచ్చాక నాతో సరసం లేదు, అక్కతో పేచీ లేదు. పిల్లి వచ్చి పాలగిన్నె చుట్టూ తిరుగుతుంటే మునుపు చెప్పు విసిరేవాడు, ఇప్పుడు చూస్తూ ఊరుకునేవాడు. గిన్నె మూత మీద అక్క ఎప్పుడూ ఒక బరువు పెట్టి ఉంచేది కాబట్టి సరిపోయింది. మాట్లాడని బావ ఇంట్లో ఉంటే ఆగిపోయిన ఫ్యాను కింద కూర్చున్నట్టుండేది.

ఆ మధ్యాహ్నం గురించి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

కొండ దారిలో ఒక మలుపుంది. ఒకప్పుడు దానికి పిట్టగోడ ఉండేది, ఏదో వానకు జారిపోయింది. గోడలేని మలుపనే అందరూ అనేవాళ్ళు. సరిగ్గా అక్కడ ఆవిరి లేచింది. బావ బండి ఆపాడు. హ్యాండ్ బ్రేకు లాగాడు. కాసేపు అద్దంలోంచి ముందుకు చూశాడు.

"దిగు" అన్నాడు.

రాయి అనలేదు.

"దిగి పైకి నడిచిపో. ఇవాళ నీళ్ళు రావని ఆ పెద్దమ్మతో చెప్పు."

"నువ్వు?"

"నేను చూసుకుంటాలే. పోరా."

దిగాను. ఏదో రెండడుగులు వేశాను. వెనక హ్యాండ్ బ్రేకు లీవరు టక్కుమని కిందికి పడిన చప్పుడైంది. తిరిగి చూస్తే వెనక చక్రం కదులుతోంది. తొందరేం లేదు దానికి. నిద్రలో పక్కకి ఒత్తిగిల్లినట్టు, గోడలేని వైపుకి.

ఇంతాచేసి నా ప్రయోజకత్వం ఏమీ లేదండీ. బావ అనకపోయినా అలవాటు కొద్దీ నా చెయ్యి ఆ రాయిని పట్టుకునే దిగింది. అంతే. పరిగెత్తి చక్రం కిందికి తోశాను. చక్రం దాని మీదికి సగం ఎక్కింది. రాయి కిర్రుమంది. టాంకులో నీళ్ళు ఒక్కసారి అటు పోయి ఇటొచ్చాయి. బండి ఆగింది.

 రోజూ అనే మాటే అన్నాను.

"వేశా బావా."

 లోపల హ్యాండ్ బ్రేకు పైకి లాగిన చప్పుడైంది. నేను ఎక్కి కూర్చుని తలుపు తాడు కట్టుకున్నాను. బావ చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

"బ్రేకు జారింది" అన్నాడు.

"జారుతుంది బావా. పాతదైపోయింది."

ఆ బ్రేకు తీగని అంతకుముందే నేనే కొత్తది వేసి బిగించాను. ఏనుగు లాగినా జారదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, బిగించేటప్పుడు పానా అందించింది ఆయనే. ఇద్దరం ఇంజను చల్లారేదాకా ఆవిరి చూస్తూ కూర్చున్నాం.

ఇంటికొచ్చాక బావ కాళ్ళు కడుక్కుంటూ అక్కతో అన్నాడు. "సోమవారం పాత ఇనుం కొనేవాణ్ణి రమ్మన్నా. తూకానికి ఇచ్చేస్తా."

"ఇచ్చేసి మీరేం చేస్తారు?"

"నన్ను కూడా తూకం వేస్తాడేమో అడుగుతా."

సరసంలాగే అన్నాడు. ఎవరమూ నవ్వలేదు. అక్క ఆయన వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. నేను నేల చూశాను. నన్ను చిన్నప్పటినుంచి పెంచిన మనిషి. నేను నేల చూస్తే ఎంత దాస్తున్నానో ఆవిడకు లెక్క తెలుసు.

మర్నాడు పొద్దున్న బావ నడవలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. లేవలేదు. నేను వంటగదిలో పీట మీద కూర్చున్నాను. బయట కూర్చుంటే ఆయన వీపు చూడాలి, అందుకని. అక్క పాలు కాస్తోంది. గిన్నె మీద మూత, మూత మీద ఆ బరువు. మధ్యలో స్ప్రింగు ఉన్న ఇత్తడి బిళ్ళ.

"పొంగుతాయేమో, చూడక్కా."

"పొంగవు. అది నోరు తెరిచినప్పుడు దింపేస్తాలే."

"ఏది?"

"అదే. బిళ్ళ. పాలు మరుగుకొచ్చాయంటే నోరు తెరుస్తుంది. దింపాక మెల్లగా మూసుకుంటుంది. అచ్చం మీ బావలాగే. వేడెక్కితేగానీ నోరు విప్పడు." అని నవ్వబోయి, నడవ వైపు చూసి ఆగిపోయింది.

నేను చూస్తూనే ఉన్నాను. మూత కింద పాలు గుసగుసలాడాయి. ఆవిరి అంచుల్లోంచి పైకొచ్చింది. బిళ్ళ మధ్యలో ఉన్న చిన్న తలుపు, ఎవరో లోపలినుంచి నెట్టినట్టు, మెల్లగా లేచింది.

ఆ బిళ్ళ కథ మా వీధంతటికీ తెలుసు. మహారాణి ఇంటికొచ్చిన రోజు బావ వీధి వీధంతా చూస్తుండగా ఇంజను ముందుభాగం విప్పి, దాన్ని బయటికి లాగి, ఎత్తి చూపించాడు. "థర్మోస్టాట్ అంటారు దీన్ని. మంచు కురిసే చోట బండి వేడెక్కడానికి పెట్టుకునే తలుపు. మనకెందుకు? మన ఇంజనుకి తలుపులూ కిటికీలూ అక్కర్లేదు, ఆరుబయటే పడుకుంటుంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనందరికంటే గట్టిగా కొట్టాను. అక్క దాన్ని కడిగి పాలగిన్నె మీద పెట్టుకుంది.

సీసం తాత మాట చెవిలో మోగింది. నీళ్ళు లోపలే తిరిగి లోపలికే పోతున్నాయి.

ఇంజన్లో నీళ్ళకు రెండు దారులు. పొట్టిదారి ఇంజన్లోనే ఒక చుట్టు చుట్టి వచ్చేస్తుంది. పొడుగుదారి రేడియేటర్ దాకా పోయి చల్లబడి వస్తుంది. ఈ బిళ్ళ వేడెక్కి నోరు తెరిచినప్పుడు పొడుగుదారి తెరుచుకుంటుంది. అదే కదలికతో దాని అడుగు భాగం పోయి పొట్టిదారిని మూసేస్తుంది. బిళ్ళే లేకపోతే రెండు దారులూ బార్లా. నీళ్ళు నాలాగా సోమరివి. పొట్టిదారి దొరికితే కొండ చుట్టూ ఎందుకు తిరుగుతాయి? చదును నేల మీద ఏదో చెల్లిపోయింది. నిండు టాంకుతో కొండెక్కమంటే మాత్రం ఇంజను తన కాగే నీళ్ళనే తాను తాగుతూ కూర్చుంది.

బిళ్ళ తీసి ఒక గిన్నెలో మరిగే నీళ్ళలో వేశాను. తెరుచుకుంది. చన్నీళ్ళలో వేశాను. మూసుకుంది.

"ఇన్నాళ్ళూ నేను చేస్తున్నది అదేగా" అంది అక్క. తర్వాత గొంతు తగ్గించింది. "ఏంట్రా? చెప్పు."

చెప్పాను. బిళ్ళ సంగతే, మలుపు సంగతి కాదు. పాలు మీగడ కట్టాయి.

"ఆయనకి చెప్పకు" అంది.

"ఎలాగక్కా?"

"ఇవాళ వద్దు. 'నీ చేత్తో నువ్వే చేసుకున్నావ్' అన్న మాట మోసే బలం ఇవాళ ఆ మనిషికి లేదు. పెట్టెయ్. నోరు మూసుకుని పెట్టెయ్."

బానెట్ ఎత్తి ఉండడం ఆ వేసవిలో మా వీధికి కొత్త కాదు. నీళ్ళు దింపి, ముందుభాగం విప్పి, పాత ప్యాకింగు గీకి, అట్టముక్క కత్తిరించి కొత్తది వేసి, బిళ్ళని దాని చోట కూర్చోబెట్టి బిగించాను. అక్క తాగడానికి కాచి చల్లార్చిన నీళ్ళన్నీ తెచ్చి రేడియేటర్లో పోసింది. ఇంట్లో చుక్క మిగల్లేదు. సీసం తాత ఇచ్చిన కూలెంటు కలిపాం. బావ అటు తిరిగే ఉన్నాడు.

అక్క మంచం పక్కన నిలబడింది.

"ఏవండీ. సోమవారం ఎలాగూ తూకానికేగా. ఇవాళొక్కసారి వాళ్ళకి నీళ్ళు పోసి వద్దాం. నేనూ వస్తాను."

బావ తల తిప్పాడు. "నువ్వెందుకు?"

"మహారాణి పోతోందిగా. సవతిని సాగనంపొద్దూ?"

ఆ బండి ఎక్కడం అక్కకి అదే మొదలు. మా ఇద్దరి మధ్యా కూర్చుంది. నేను చెప్పకపోయినా, కూర్చోగానే హ్యాండ్ బ్రేకు వైపు ఒకసారి చూసింది. దారంతా ఆవిడ మోచెయ్యి ఆ లీవరు మీదే ఉంది. నేను రాయి ఒళ్ళో పెట్టుకున్నాను, పసిబిడ్డలాగా. దేవుడికి అంతకుముందు నేనెప్పుడూ పని చెప్పలేదు. ఆ రోజు చెప్పాను, ఒక్క ముల్లుని పట్టుకోవయ్యా చాలని.

కొండ మొదలైంది. ముల్లు లేచింది. లేస్తూనే ఉంది. నా అరచేతుల చెమటకి రాయి తడిసింది. సగానికి వచ్చింది ముల్లు. అక్కడ ఆగింది. బావ గేరు మార్చాడు. ముల్లు అక్కడే ఉంది. బావ వేలితో అద్దం మీద కొట్టాడు, పాడైందేమోనని. కాస్త వణికి మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడింది.

గోడలేని మలుపు వచ్చింది. ఆవిరి లేదు. అయినా బావ బండి ఆపాడు. హ్యాండ్ బ్రేకు లాగబోతే అక్క మోచెయ్యి తీసి దారిచ్చింది. ఆయన దిగి ముందుకెళ్ళి, వంగి, రేడియేటర్ కిందితొట్టి మీద చెయ్యి పెట్టాడు. చురుక్కుమని వెనక్కి లాక్కున్నాడు. మళ్ళీ పెట్టాడు. ఈసారి కాలుతున్నా కాసేపు ఉంచాడు.

తిరిగొచ్చి ఎక్కాడు. ఎర్రబడ్డ అరచేతిని చూసుకుంటూ అడిగాడు.

"పాల మీద ఏం బరువు పెట్టొచ్చావ్?"

"ఏమీ పెట్టలేదు" అంది అక్క.

"పిల్లి తాగేస్తుందిగా."

"తాగనీండి."

బావ ముందుకి చూశాడు.  గేరు వేశాడు.

పైన బిందెలేవీ వరసలో లేవు. బిందెల పెద్దమ్మ గుమ్మంలోంచి తొంగిచూసి నడుం మీద చేతులేసుకుంది. "ఇదేంటి, మబ్బు లేకుండా వచ్చారు! మేమెలా తెలుసుకోవాలి?" అంది. ఆ సాయంత్రం దిగి వచ్చేసరికి పిల్లి గిన్నె ఖాళీ చేసి, కదల్లేక పొయ్యి పక్కనే పడుకుని ఉంది.

సోమవారం ఇనుం కొనేవాడు తక్కెడతో వచ్చాడు. అక్క ఒక ఓటి బకెట్టు ఇచ్చి పంపించేసింది.

తర్వాత మబ్బులు నిజంగానే వచ్చాయి. కొండమీద బావులు ఊరాయి. బావ మెల్లగా తినడం మొదలుపెట్టాడు, తర్వాత పిల్లి మీదికి చెప్పు విసిరాడు, ఆ తర్వాత నా మీద సరసాలు. థర్మోస్టాట్ ఊసు చాన్నాళ్ళు ఆయనా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. మలుపు ఊసు అసలే లేదు. కానీ నా కళ్ళలోకి మాత్రం చూసేవాడు కాదు. నా చెవితోనో నా భుజంతోనో మాట్లాడేవాడు.

ఒక వానరోజు అక్క అంది. "పాల మీద బరువు తీసుకుపోయి బండికి పెట్టారు. పిల్లి ఆగడం భరించలేకపోతున్నా. ఏదైనా తెచ్చిపెట్టండి."

బావ వానలోనే వీధిలోకి వెళ్ళి, లారీ తలుపు తాడు విప్పి, ఆ రాయి మోసుకొచ్చాడు. "ఇంక బండి ఉడకడం లేదుగా. ఇది పెట్టుకో."

"గిన్నె మీద పెట్టేదడిగితే గిన్నెని పాతిపెట్టేది తెచ్చారేంటండీ!" అక్క పకపకా నవ్వింది. చాలా రోజులకి.

నేను నవ్వలేదు. "అది బండిలోనే ఉండాలి బావా" అన్నాను.

బావ నా వైపు తిరిగాడు. చెవి వైపు కాదు, భుజం వైపు కాదు. తడిసిన రాయిని రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. జుట్టులోంచి వాన నీళ్ళు మొహం మీదికి కారుతున్నాయి.

"ఉండనీ అంటావ్" అన్నాడు.

"ఉండనీ."

రాయి తీసుకుని మళ్ళీ వానలోకి వెళ్ళాడు. కిటికీలోంచి చూశాను. దాన్ని నేను కాళ్ళు పెట్టుకునే చోటే పెట్టి, దొర్లకుండా చుట్టూ గుడ్డ దోపి, తలుపు మూసి తాడు కట్టాడు. ఏదో ఆలోచించి, ఆ ముడి విప్పి, నా చేతికి తొందరగా ఊడేటట్టు వదులుగా కట్టాడు.